కుంకుమ బొట్టు పెట్టిన మైకు

ఓంకార్ ఒకచోట కుదురుగా కూర్చున్నాడని చెబితే మూసాపేటలో నమ్మేవాడు దొరకడు. అన్నం తింటూ తింటూ లేచి ఫ్యాను రెగ్యులేటరు తిప్పి వస్తాడు. గుళ్లో తీర్థం పుచ్చుకుంటూ స్పీకరు డబ్బా ఏ మూలన పెట్టారో చూస్తాడు. పెళ్లిచూపులనాడు పలహారం ప్లేటు పక్కన పెట్టి, అమ్మాయివాళ్ల టీవీ వెనక దూరి వైర్లు సర్దాడట. "నన్ను చూడకముందే మా టీవీని ఖాయం చేసుకుండు" అని భార్య హర్షిణి ఇప్పటికీ వచ్చినవాళ్లకల్లా చెబుతుంది. పాలిటెక్నిక్ మధ్యలో ఎందుకు మానేశావంటే మాత్రం అతను ఛాతీ విరుచుకుంటాడు. "సార్లకు నేను పాఠం చెప్పుడు, మల్ల వాళ్లు నాకు పరీక్ష పెట్టుడు. గదేం న్యాయం?"

మెట్రో స్తంభాల వెనక గల్లీలో అతనిది కిరాయి పోర్షన్. ఒక గది సంసారానికి, ఒక గది స్టూడియోకు. స్టూడియో అంటే అద్దాలూ లైట్లూ ఊహించుకుంటే మీ ఇష్టం. గోడల నిండా తల్లి కిష్టమ్మ కుట్టిన పాత బొంతలు, తలుపు సందుల్లో కుక్కిన చినిగిన చీరలు. ఆ బొంతల నడుమ, రబ్బరు పట్టీల ఉయ్యాలలో పసిపిల్లలా వేలాడుతూ ఓ లావుపాటి కండెన్సర్ మైకు. కోచింగ్ సెంటర్ల పిలుపులు, మామిడిపళ్ల బండ్ల కేకలు, మాదాపూర్ లిఫ్టుల్లో తలుపులు మూయమని బతిమాలే గొంతులు, అన్నీ దాని ముందు పుట్టినవే.

ఆ మైకు గురించి అతను మొదలుపెడితే చాయ్ చల్లారిపోవలసిందే. లింగంపల్లి స్టేషనులో రైలు కూయకముందే డ్రైవరు ఊపిరి పీల్చడం ఇందులో పడిందట. ఎదురింటి బల్లి దగ్గితే ఆ దగ్గును కత్తిరించడానికి ఒక పూట పట్టిందట.

"బల్లి దగ్గుతదా?" అంటాడు చాయ్ తాగేవాడు.

"నీ చెవులకు దగ్గది. దీనికి దగ్గుతది."

బల్లి సంగతి పక్కన పెడితే, అందులో నిజం లేకపోలేదు. స్టేజీల మీద చేతికిచ్చే మామూలు మైకు మొండి జీవి. నోటికి ఆనించి అరిస్తేనే ఉలుకుతుంది. కింద పడ్డా, పాటగాడి చెమట తాగినా, దులుపుకుని మళ్లీ పనిలోకి దిగుతుంది. కండెన్సర్‌ది వేరే జాతి. దాని లోపల ఉల్లిపొర కంటే పలచని పొర ఒకటి, దాని వెనకే ఒక పళ్లెం. ఆ రెంటి మధ్య కరెంటు నిలిచి ఉండాలి. అందుకే మిక్సరు మీద ఫాంటమ్ పవర్ బటను నొక్కి అదే తీగలో నలభై ఎనిమిది వోల్టులు పంపుతారు. ఇక గాలి కాస్త తాకితే చాలు, పొర వణుకుతుంది. నోటికి దూరంగా ఉన్నా గొంతులోని నూగు కూడా వదలదు. ఆ దూరమే ఓంకార్‌కు కావలసింది. ఎందుకంటే అతని తల్లి మైకు పట్టుకుని పాడలేదు.

ఆ సంగతి తెలిసింది పోయిన ఏడు. కోకాపేటలో మబ్బుల్ని రాసుకునే టవర్ల సముదాయంలో సద్దుల బతుకమ్మకు సౌండు ఓంకార్‌దే. కిష్టమ్మది చేవెళ్ల వైపు ఊరు. పెళ్లికి ముందు నుంచీ అక్కడ బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆవిడే. కొడుకు వెంట చూడటానికి వచ్చిన ఆవిణ్ణి కల్చరల్ కమిటీ కార్యదర్శి బాలాత్రిపురసుందరి గారు చూసి, "పెద్దావిడ పాడతారటగా, పాడండమ్మా, మా కాకినాడ గొంతులకు ఈ పాటలు పలకవు" అని ఎంతో మర్యాదగా పిలిచారు. ఓంకార్ పరుగున వెళ్లి తల్లి చేతిలో మైకు పెట్టాడు.

అక్కడే పాడైంది. బతుకమ్మ పాట చప్పట్లతో నడుస్తుంది. వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట, అడుగు పక్కకి. ఒక చేతిలో మైకు ఉంటే చప్పట ఎక్కడిది? కిష్టమ్మ ఒకటి రెండు చరణాలు లాగి, తరువాతి మాట దొరక్క నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. పాట ఆవిడ తలలో ఉండదు, అరచేతుల్లో ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఎదురుచూశారు. ఎవరో ఫోన్లోంచి రికార్డు పాట పెట్టారు. డోలు దరువులకు అందరూ హాయిగా తిరిగారు. కిష్టమ్మ మైకును కొడుకు చేతికిచ్చి, వెళ్లి వ్యాన్లో కూర్చుంది.

ఆ రోజు నుంచి పాట బంద్. బియ్యం చెరుగుతూ తీసే కూనిరాగం కూడా బంద్. గల్లీలో ఆడవాళ్లు బోనాల పాటకు పిలవడానికొస్తే, "గా డబ్బాల పాటనే పెట్టుకోన్రి, మంచిగుంటది" అని తలుపు దగ్గరికేసింది. ఇంట్లో ఆ నిశ్శబ్దం ఓంకార్‌కు గజ్జిలా పట్టుకుంది. ఆ మైకు ఆవిడ చేతిలో పెట్టింది తనే కదా. ఈసారి పండగ నెల పడకముందే తల్లి ఎదుట గొంతుక్కూర్చున్నాడు, అంటే అతని లెక్కలో ఎంతోసేపు కూర్చున్నట్టు.

"అమ్మా, నీ చేతులు ఖాళీగుంటె పాడుతవా?"

కిష్టమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. "ఖాళీగుంటె ఎందుకు పాడ? కానీ మల్ల గా రోకలిబండను నా చేతుల వెట్టినవనుకో, గంతే. సచ్చేదాంక నోరు తెరువ."

"నీ ఫికర్ నాకిడిసిపెట్టు. కోకాపేటల పాడితె ఔటర్ రింగు రోడ్డు మీద లారీలు ఆగి వినాలె."

మాట ఇచ్చేశాడు. ఇక నిద్ర పట్టలేదు.

ముందు హర్షిణి సలహా. ఆమె ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. "మా ట్రైనర్లు చెవికి తగిలించుకుంటరు కదా, సన్నపు కడ్డీ మైకు. గది పెట్టరాదు?" పెట్టారు. కిష్టమ్మ వంగిన ప్రతిసారీ అది కమ్మల మీదుగా జారి మెళ్లోకి వచ్చింది. కొంగుకు గుచ్చే చిన్న మైకు తెచ్చాడు. పుస్తెలతాడు దాన్ని రాసుకుంటూ గొంతుకంటే గట్టిగా మోగింది. తాడు తీయమని అడిగే ధైర్యం ఈ భూమ్మీద ఎవడికుంది? ఆఖరికి స్టూడియో లావు మైకునే డాబా మీదికి మోసి, నడుమ నిలబెట్టి, గల్లీ ఆడవాళ్లను చుట్టూ తిప్పాడు. అది కిష్టమ్మ పాటనూ పట్టింది, నీళ్ల ట్యాంకరునూ పట్టింది, మెట్రో బ్రేకునూ పట్టింది. వాటితో పాటు, వంగినప్పుడల్లా ఇద్దరు ఆడవాళ్లు మూడో ఆమె కోడలి గురించి చెప్పుకుంటున్న ముచ్చటనూ పూర్తిగా పట్టింది. హెడ్‌ఫోన్లో వింటున్న ఓంకార్‌కు కథ రక్తి కట్టే సమయానికి స్పీకరు శబ్దం మళ్లీ మైకులో దూరి, మళ్లీ స్పీకర్లోంచి వచ్చి, గుండ్రంగా తిరిగి తిరిగి 'కుయ్‌' మని కూత పెట్టింది. గల్లీ కుక్కలన్నీ వంత పాడాయి.

"స్టూడియోల ఉన్నదానికి బయటి గాలి వడలే," అన్నాడు ఓంకార్, తప్పు మైకుదే అన్నట్టు.

"దానికి కాదు, నీకు," అంది హర్షిణి. "గంత పెద్ద చెవి ఎందుకు నీకు, ఆమె మాటొక్కటే కావాల్నంటె? చిన్న చెవిది చూడరాదు?"

ఆ మాట ఆమెదని అతను ఇప్పటిదాకా ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. కోఠిలో దుకాణాలన్నీ గాలించి పెన్సిల్ అంత సన్నటి కండెన్సర్లు ఒక జత పట్టుకొచ్చాడు. ఎదురుగా ఉన్నది వింటాయి, వెనక వైపు చెవుడు. రెంటినీ వీపు వీపు ఆనించి, బతుకమ్మల పక్కన ఒకే స్టాండుకు బిగిస్తే, తల్లి ఏ వైపు తిరిగినా ఏదో ఒకటి ఆవిణ్ణి చూస్తుంటుంది. స్పీకర్లను వలయానికి బాగా దూరంగా, మొహం అవతలికి తిప్పి పెట్టాడు. కింది స్థాయి గురగురలు మిక్సర్లో కోసేశాడు. డాబా మీద మళ్లీ తిరిగారు. కూత లేదు. ముచ్చట్లు లేవు. కిష్టమ్మ గొంతు ఒక్కటే, తడి ఆరని కుండలోంచి వచ్చినట్టు, గల్లీ చివరి కిరాణా దాకా వెళ్లింది. చప్పట్లు ఆపాక ఆవిడ రికార్డులో తన గొంతు తనే విని, "గింత ముసలిదయిందా నా గొంతు?" అంది. కానీ నవ్వింది.

పండగనాడు పొద్దున్నే ఓంకార్ కేబుళ్ల కోసం బాలానగర్ పోయాడు. తిరిగొచ్చి, మైకుల పెట్టె మీద ఒక బంతిపువ్వు కనబడితే నవ్వుకుని, అదేమిటని అడక్కుండా వ్యాన్లో పడేశాడు. మధ్యాహ్నం నుంచి కోకాపేటలో అతని కాళ్లు నేల మీద ఆనలేదు. స్టాండు ఒకచోట పెట్టి రెండడుగులు జరిపి, మళ్లీ మొదటి చోటే పెట్టాడు. నిమజ్జనానికి కమిటీవాళ్లు నింపిన ప్లాస్టిక్ కొలను మోటారు మోగుతుంటే పరిగెత్తి ఆపించాడు. మోటారు ఆగితే నీళ్లు పచ్చబడతాయని వాచ్‌మన్ వచ్చి మళ్లీ వేశాడు. ఓంకార్ మళ్లీ ఆపాడు.

సాయంత్రం ఎండ టవర్ల వెనక్కి జారేసరికి పట్టుచీరలు లిఫ్టుల్లోంచి గుంపులుగా దిగసాగాయి. తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మలు మధ్యకు చేరాయి. బాలాత్రిపురసుందరి గారు వచ్చి, చేతిలో ఫోను చూపించారు.

"ఓంకార్ గారూ, ఏమీ అనుకోకండి. పోయినసారిలా ఆగిపోతే ట్రాక్ సిద్ధంగా పెట్టుకున్నానండి. ఇంతమందిని నిలబెట్టలేం కదా."

"మేడం, ఆ ఫోను బ్యాగుల వెట్టుకోన్రి. గీ మైకులు చూసి మీ ఫోనే సిగ్గువడ్తది."

అని, డాబా మీద పరీక్ష అయిపోయిందన్న ధీమాతో అప్పటిదాకా ముట్టని బటను నొక్కి హెడ్‌ఫోను చెవులకు పెట్టుకున్నాడు.

వేడి నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపట. ఆగి, బుస్సుమని ఊదింది. మళ్లీ చిటపట.

కేబులు మార్చాడు. చిటపట. మిక్సర్లో వేరే గుంటకు తగిలించాడు. చిటపట. రెండో మైకు చూశాడు, అది మొదటిదాని అక్క. అప్పుడు మైకు మూతికి తొడిగిన స్పాంజి టోపీ లాగాడు. లోపల, సన్నటి జాలీ మీద తడి పసుపు. దాని మధ్య నిండుగా కుంకుమ బొట్టు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినీళ్ల వాసన, అగరుబత్తి వాసన.

అర్థమైపోయింది. కొత్త స్కూటరుకు, కొత్త ఫ్రిజ్జుకు, ఆఖరికి హర్షిణి లాప్‌టాప్‌కు ఏది చేస్తుందో అమ్మ వీటికీ అదే చేసింది. పీట మీద పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి నీళ్లు చిలకరించి, పొగ చూపించి, ఎండ తగలకుండా టోపీ తొడిగి, భద్రంగా పెట్టెలో పెట్టింది. పాట బాగా రావాలని. ఉల్లిపొర కంటే పలచని పొర అంత భక్తిని తట్టుకోలేకపోయింది.

అప్పుడే ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన హర్షిణి అతని మొహం చూసి దగ్గరికొచ్చింది. జాలీ చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పైనింటోళ్లను హెయిర్ డ్రయర్ అడగనా?"

"వద్దు. ఆ వేడికి లోపలిది అప్పడం లెక్క ముడుసుకపోతది. ఇది నిదానంగ ఎండాలె."

"ఇంటికాడి పెద్ద మైకు?"

"గీ టైముల మూసాపేటకు పోయి వచ్చేసరికి మల్లొచ్చే బతుకమ్మ వస్తది."

"మరి చేతి మైకు ఉన్నది కదా?"

ఓంకార్ స్టాండు చుట్టూ ఒక చుట్టు, మిక్సరు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. చేతి మైకు ఉంది, పెట్టెలో ధీమాగా పడుకుని ఉంది. అది తల్లి చేతిలో పెడితే ఏమవుతుందో తెలుసు. అప్పుడే కిష్టమ్మ ఆకుపచ్చ చీర కొంగు బొడ్లో దోపుకుంటూ ఎదురొచ్చింది.

"ఏమైందిరా? దయ్యం వట్టినోని లెక్క తిరుగుతున్నవ్?"

"ఏం కాలేదమ్మా. లైను జర ఖరాబున్నది. పెద్ద బిల్డింగులు, చిన్న కరెంటు." స్పాంజి టోపీని జేబులోకి తోశాడు.

ఆవిడ చూపు అతని వేళ్ల మీద ఆగింది. వేళ్లకు పసుపు, గోళ్లలో కుంకుమ. మధ్యలో పేర్చిన బతుకమ్మల వైపు చూసింది, వరసగా నిలబడి చేతులు రుద్దుకుంటున్న ఆడవాళ్ల వైపు చూసింది.

బాలాత్రిపురసుందరి గారి బొటనవేలు ఫోను మీదకు వెళ్లింది. "మొదలుపెట్టేయమంటారా అండీ?"

"పెట్టొద్దు మేడం!" అని అరిచాడు ఓంకార్, చేతి మైకు పెట్టెలోంచి తీస్తూ. దాన్ని చూడగానే కిష్టమ్మ రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది.

"నీకిస్తలేనమ్మా," అన్నాడు. "నేను వట్టుకుంట. నువ్వు చప్పట్లు గొట్టు."

"నువ్వు వట్టుకుంటవా? తిరిగేది కదరా ఇది. ఆడోళ్లల్ల నువ్వెట్ల తిరుగుతవ్?"

"వెనకకు నడుస్త. నీ మొహానికెదురుంగ. నువ్వు ముందట్కి వస్తుండు."

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. "ఈయనా ఆడతాడంటే చీర తెప్పించండర్రా," అంది ఒకామె. ఓంకార్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా వలయంలోకి దిగి, చెప్పులు విడిచి, తల్లి గడ్డం కింద మైకు పట్టాడు. ఇది మొండి మైకు. జానెడు దూరం జరిపితే గొంతు మాయం. దగ్గరికి తెస్తే చప్పట అడ్డం. కిష్టమ్మ అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, కళ్లు మూసి, వంగి, అరచేతులు కలిపింది.

*మేడ మీద మేడాయె ఉయ్యాలో*
*మబ్బు తొంగి చూసెనే ఉయ్యాలో*

వలయమంతా అదే మాట తిరిగి అంది. ఆవిడ వంగితే అతను వంగాడు, లేస్తే లేచాడు. వెనక ఏముందో కనబడదు. ఒకసారి మడమ ఒక బతుకమ్మ తాంబాళానికి తగిలింది. ఒక చప్పట నేరుగా మైకు నెత్తిన పడి స్పీకర్లలో బాంబులా పేలింది. అయినా పాట తెగలేదు. తరువాతి చరణం వచ్చింది, దాని తరువాతిదీ వచ్చింది. పోయినసారి నోరు తెరిచి నిలబడిపోయిన చోటు దాటిపోయింది. అరచేతుల్లోంచి గొంతులోకి, గొంతులోంచి స్పీకర్లలోకి, అక్కడి నుంచి బాల్కనీల్లోకి. పైన బట్టలు తీస్తున్నవాళ్లు పిట్టగోడకు ఆనుకుని చూడసాగారు.

గండం గట్టెక్కింది అనుకోగానే ఓంకార్‌కు మళ్లీ ఆత్రం పట్టుకుంది. మిక్సరు దగ్గర ఎవరూ లేరు. కుడి స్పీకరు కాస్త గరగరమంటోందా? తెలియకుండానే అతని అడుగు జోరందుకుంది. వలయం లయ ఒకటి, వెనక్కి నడిచే ఇతని లయ ఒకటి. మైకు తల్లి మొహం నుంచి పారిపోతోంది, ఆవిడ దాని వెంట మెడ చాస్తోంది.

కిష్టమ్మ పాట ఆపలేదు. అదే రాగం, అదే చప్పట, కళ్లు మాత్రం తెరిచింది.

*కొడుకు తొందరోడమ్మ ఉయ్యాలో*
*వెనకకే ఉరుకుతడు ఉయ్యాలో*

వలయం అలవాటుగా ఆ మాట తిరిగి అనేసి, ఏమన్నామో అప్పుడు తెలిసి పగలబడి నవ్వింది. హర్షిణి అయితే స్టాండు పట్టుకుని నవ్వింది. ఓంకార్ టక్కున అడుగు తగ్గించాడు. ఆవిడకు అది చాలలేదు.

*బొట్టు నేను వెడితినే ఉయ్యాలో*
*మైకు మూగవోయెనే ఉయ్యాలో*

ఆవిడకు తెలుసు. అతను జేబులో దాచింది ఊరందరికీ స్పీకర్లలో వినబడుతోంది. ఆడవాళ్లు నవ్వు ఆపుకుంటూ, సగం మింగుతూ, "మూగవోయెనే ఉయ్యాలో" అన్నారు. బాలాత్రిపురసుందరి గారు ఫోను బ్యాగులో పడేసి, పక్కామె భుజం జరిపి వలయంలోకి దూరారు.

*నాకు చెప్ప భయమాయె ఉయ్యాలో*
*నల్లబడ్డ మొగముతో ఉయ్యాలో*
*కొడుకె నాకు స్టాండాయె ఉయ్యాలో*
*కోకాపేట నడుమల ఉయ్యాలో*

ఓంకార్ దగ్గర ఏ మాటకైనా ఎదురుమాట సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు మాత్రం అనడానికి వీల్లేదు, మైకు చేతిలో ఉంది, అది తల్లి నోటికే ఉండాలి. "ఇంకోటి పాడండమ్మా, ఇలాంటిదే!" అని అటు నుంచి కేక వచ్చింది. కిష్టమ్మ ఊపిరి తీసుకుని, అరచేతులు చీరకు ఒకసారి తుడుచుకుని, మళ్లీ వంగింది. అతని కుడి చెయ్యి భుజం దాకా తిమ్మిరెక్కి కర్రలా అయింది. అడుగు తప్పకుండా, ఆవిడ చప్పటకూ చప్పటకూ మధ్య సందు చూసి, ఓంకార్ మైకును ఎడమ చేతికి మార్చుకున్నాడు. కిష్టమ్మ చరణం మధ్యలోనే మొహం ఇటు తిప్పి, దాని వెంటే వచ్చింది.